అంబాసిడర్ కింద తుప్పు పట్టిన బోల్టులు: పని డైరీ

బండి 1978 నాటి అంబాసిడర్ మార్క్ 3. 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, వెనక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు), ముందు టార్షన్ బార్లు (మెలి తిరుగుతూ బండి బరువు మోసే ఉక్కు కడ్డీలు). భీమిలి తీరాన రేకుల షెడ్డులో ఎనిమిదేళ్లు కదలకుండా ఉంది. పైన పెయింటు బాగానే ఉంది. కింద దూరి చూస్తేనే ఉప్పుగాలి చేసిన పని తెలుస్తుంది. కమాన్ కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టుల మరలు కనిపించడం లేదు. కట్ట చివరను బాడీకి కలిపే షాకిళ్ల మీద తుప్పు పొరలు పొరలుగా లేస్తోంది. ఇంజిన్‌కు గాలి, పొగ గొట్టాలను కలిపే మేనిఫోల్డ్ నట్ల మూలలు కరిగి గుండ్రంగా తయారయ్యాయి.

చేయాల్సినవి: వెనక కమాన్ కట్టలు రెండూ దింపి బుష్షులు మార్చడం, నాలుగు చక్రాల బ్రేకులు, మేనిఫోల్డ్ గాస్కెట్, థర్మోస్టాట్ మూత, ముందు మడ్‌గార్డులు. పనులుగా చూస్తే ఇవన్నీ మామూలువే. ఆ బోల్టులు ఊడిరావడమే అసలు పని. ఈ డైరీ అంతా వాటి గురించే.

పానా పట్టుకోకముందే ప్రతి బోల్టు దగ్గరా ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇక్కడ కాపాడాల్సింది బోల్టునా, అది దిగిన చోటునా? యూ బోల్టు పోతే కొత్తది దొరుకుతుంది, దాన్ని కోసి పారేయొచ్చు. మేనిఫోల్డ్ స్టడ్డు (తల లేకుండా రెండు చివరలా మరలున్న బోల్టు) ఇంజిన్ హెడ్డులో తెగితే నష్టం స్టడ్డుది కాదు, హెడ్డుది. అందుకే కోయడానికి వీలున్న వాటి మీద తెల్ల సుద్దతో, ఎంత ఆలస్యమైనా సరే కాపాడాల్సిన వాటి మీద ఎర్ర సుద్దతో గుర్తు పెట్టాం. ఎర్ర గుర్తులు పడ్డవి కొన్నే: మేనిఫోల్డ్ స్టడ్లు, థర్మోస్టాట్ మూత స్టడ్లు, వీల్ సిలిండర్లు, టార్షన్ బార్ల చుట్టుపక్కలవి.

1వ రోజు: బ్రష్షు, కొలతలు

ఇవాళ ఒక్క నట్టు కూడా తిప్పలేదు. వైరు బ్రష్షుతో బయటికి కనిపించే మరలన్నీ రుద్దాం. నట్టు బయటకు రావాలంటే ఆ మరల మీదుగానే రావాలి. వాటిమీద తుప్పు, తారు, పాత అండర్‌కోటింగ్ ఉంటే లోపల వదులైన నట్టు కూడా మధ్యలో మళ్లీ పట్టేస్తుంది. సందుల్లోకి బ్రష్షు వెళ్లని చోట పాత హ్యాక్సా బ్లేడు ముక్కతో మర వెంబడి గీకాం.

తర్వాత కొలతలు. ఈ బండి అంగుళాల బండి. 5/16 బోల్టుకు అర అంగుళం పానా, 3/8 బోల్టుకు 9/16, 1/4 బోల్టుకు 7/16 కావాలి. మన దగ్గర చాలా షెడ్లలో మిల్లీమీటర్ల సెట్టే ఉంటుంది. అర అంగుళమంటే 12.7 మి.మీ., దానికి 13 పానా వేస్తే 0.3 మి.మీ. ఖాళీ ఉంటుంది. కొత్త నట్టుకైతే సరిపోవచ్చుగానీ తుప్పుతో సన్నబడ్డ నట్టుకు అదే చాలు మూలలు పోవడానికి. 9/16 అంటే 14.29. దానికి 14 ఎక్కదు, 15 జారుతుంది. 5/8 కి 16, 3/4 కి 19 మాత్రం నిశ్చింతగా వాడుకోవచ్చు. మూడు నాలుగు సైజుల్లో అంగుళాల సాకెట్లు, అవి కూడా ఆరు మూలలవి, కొనుక్కుంటే చాలు. పన్నెండు మూలల రింగు పానా నట్టు మూలల్ని మాత్రమే పట్టుకుంటుంది. ఆరు మూలల సాకెట్ పక్కల్ని పట్టుకుంటుంది. తుప్పు నట్టు దగ్గర ఈ తేడా చాలా పెద్దది.

నట్టు ఇప్పటికే సన్నబడి ఉంటే ఒక సైజు చిన్న సాకెట్‌ను సుత్తితో కొట్టి ఎక్కించాలి. 12.7 ఉండాల్సిన నట్టు 12.2 కి వచ్చిందంటే 12 మి.మీ. సాకెట్ గట్టిగా కొడితే దిగుతుంది. ఆ పనికి పాత సాకెట్ వాడండి, ఎందుకంటే నట్టు అందులోనే ఇరుక్కుపోవచ్చు.

ఈ బండ్ల దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. 5/16 బోల్టు మందం 7.94 మి.మీ., మిల్లీమీటర్ల కొలతదైన ఎం8 బోల్టు 8 మి.మీ. కంటికి రెండూ ఒకటే. 5/16 సన్న మరకు అంగుళానికి 24 చుట్లు, ఎం8 కు సుమారు 20. ఎం8 నట్టు 5/16 బోల్టు మీద చుట్టో రెండు చుట్లో సాఫీగా ఎక్కి, ఆపైన పట్టేస్తుంది. అక్కడ పానాతో బిగిస్తే రెండు మరలూ ఒకదాన్నొకటి కోసుకుంటూ వెళ్తాయి. ఇన్నేళ్లలో ఎంతమంది చేతుల్లోంచి వచ్చిన బండో కాబట్టి ఇలాంటివి ఉంటాయనుకునే వెతికాం. సైలెన్సర్ క్లాంపుల దగ్గర రెండు దొరికాయి. అవి తుప్పువల్ల బిగుసుకున్నవి కావు, నూనె ఎంత పోసినా లాభం లేదు. తెల్ల సుద్ద. మర చుట్లను కొలిచే పిచ్ గేజ్ ధర తక్కువే, ఇలాంటి అంగుళాల బండి జోలికి వెళ్లేవాళ్ల దగ్గర తప్పకుండా ఉండాలి.

2 నుంచి 4వ రోజు: నానబెట్టడం

ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని ఘనపరిమాణం రెండు రెట్ల నుంచి ఆరు రెట్ల దాకా పెరుగుతుంది. బోల్టుకూ నట్టుకూ మధ్య ఉన్న వెంట్రుకవాసి ఖాళీలోకి ఆ ఉబ్బు దూరి రెండింటినీ కొయ్యమేకులా బిగిస్తుంది. కాబట్టి మనం పోసే ద్రవం చేయాల్సిన పని జారుడు ఇవ్వడం ఒక్కటే కాదు, ముందు ఆ ఇరుకులోకి దూరాలి. పలచగా ఉండాలి, కేశనాళిక లాగుడుతో లోపలికి పోవాలి, పోయాక అక్కడే కొంత జిడ్డు మిగల్చాలి. మామూలు ఇంజిన్ ఆయిల్‌కు జిడ్డు ఉంది, దూరే గుణం లేదు. కిరసనాయిలు దూరుతుందిగానీ త్వరగా ఆరిపోతుంది. నీలి డబ్బా మామూలు డబ్ల్యూడీ-40 ప్రధానంగా తేమను తరిమేందుకు చేసింది. తేలికైన తుప్పుకు పనికొస్తుంది, ఎనిమిదేళ్ల తుప్పుకు చాలదు.

మేం వాడింది ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, అసిటోన్ సమపాళ్లలో. 100 మి.లీ. దానికి 100 మి.లీ. దీనికి. రెండూ పూర్తిగా కలవవు, వాడే ప్రతిసారీ సీసా గట్టిగా ఊపాలి. ప్లాస్టిక్ సీసా వద్దు, అసిటోన్ చాలా రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. గాజు సీసా లేదా రేకు చమురుడబ్బా మేలు. పెయింటు మీద పడితే పెయింటు లేస్తుంది, రబ్బరు బుష్షు మీద పడితే అది ఉబ్బుతుంది. ఇది భగ్గున అంటుకునే ద్రవం. దీన్ని వాడిన చోటికి అదే రోజు మంట తేకూడదు.

స్ప్రే కొడితే సగం గాల్లోకి, మిగతా సగం నేలమీదికి పోతుంది. ఇంజక్షన్ సిరంజితో, సూది లేకుండా, ఒక్కో మర మొదట్లో నాలుగైదు చుక్కలు వేస్తే ఒక్క చుక్క వృథా కాదు. పొద్దున, సాయంత్రం, మూడు రోజులు. నిలువు స్టడ్ల చుట్టూ గోధుమపిండి ముద్దతో చిన్న గట్టు కట్టి అందులో నింపాం, రాత్రంతా నిలబడింది. తలకిందులుగా ఉన్న బోల్టులకు గుడ్డపీలిక తడిపి చుట్టి, పైన పాలిథిన్ కవరు కట్టాం.

చుక్కలు వేసిన ప్రతిసారీ బోల్టు తలమీద 250 గ్రాముల సుత్తితో పది పదిహేను దెబ్బలు. గట్టిగా అక్కర్లేదు, టకటకమని మోగేలా. ఆ అదురుకు తుప్పు పొరలో సన్నటి పగుళ్లు వస్తాయి, ద్రవానికి అవే దారి. నానబెట్టడం, కొట్టడం రెండూ కలిస్తేనే ఫలితం. మూడు రోజులు ఊరికే కూర్చోవడం కాదిది. ఆ వ్యవధిలో సీట్లు, కార్పెట్లు, పెట్రోల్ ట్యాంకు దించేశాం. ట్యాంకును షెడ్డు అవతల దూరంగా పెట్టాం. ఖాళీ ట్యాంకులో ఉండే ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం. ఖాళీ చేశాం కదా అని దాని పక్కన టార్చ్ వెలిగించకూడదు.

5వ రోజు: యూ బోల్టులు

బాడీ కింద రెండు స్టాండ్లు, యాక్సిల్ కింద విడిగా జాకీ. కట్టమీద బరువు లేకుండా, సాగదీత కూడా లేకుండా జాకీ ఎత్తు సరిచూశాకే పానా పట్టాలి.

కుడివైపు నాలుగు నట్లలో మూడు కదిలాయి. ఎలా తిప్పామో రాస్తాను. ముందు బిగించే వైపు, చాలా కొద్దిగా. అటువైపు కదిలితే తుప్పు కట్టు విడిపోయినట్టే. ఆ తర్వాత విప్పే వైపు పావు చుట్టు, మళ్లీ లోపలికి అరపావు, రెండు చుక్కలు, మళ్లీ బయటికి. ఒకేసారి గబగబా విప్పితే రాలిన తుప్పుపొడి మరలో ఇరుక్కుని సగం దారిలో పట్టేస్తుంది.

చేతికి తెలిసే రెండు సంగతులున్నాయి. నట్టు కిర్రుమని మోగుతూ కదిలితే మంచిది, వస్తోందని అర్థం. చప్పుడు లేకుండా రబ్బరులా మెత్తగా సాగుతున్నట్టు అనిపిస్తే వెంటనే ఆపాలి. అప్పుడు నట్టు తిరగడం లేదు, బోల్టు మెలిపడుతోంది. ఇంకో పావు చుట్టుకు తెగుతుంది.

ఎడమవైపు నాలుగింటిలో ఒక్కటీ రాలేదు. ఇక్కడ మంట పెట్టకూడదు. యూ బోల్టును ఆనుకునే కమాన్ పట్టీలు ఉంటాయి. అది టెంపర్ చేసిన, అంటే కాల్చి చల్లార్చి సాగే గుణం తెప్పించిన, స్ప్రింగ్ స్టీలు. ఎర్రగా కాలితే టెంపర్ పోతుంది, పైకి ఏమీ కనిపించదు, ఆర్నెల్ల తర్వాత గుంతలో పడ్డప్పుడు పట్టీ విరుగుతుంది. ఎలాగూ తెల్ల సుద్ద గుర్తే కాబట్టి నాలుగంగుళాల గ్రైండరు, 1 మి.మీ. కటింగ్ డిస్కుతో నట్టు పక్కను బోల్టుకు సమాంతరంగా చీల్చాం. మర తగిలేదాకా కోసి, ఆ గాడిలో ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేస్తే నట్టు విచ్చుకుంటుంది. నిప్పురవ్వలు పట్టీల మీద, బ్రేకు గొట్టాల మీద పడకుండా తడిపిన గోనెపట్టా కప్పాం. విప్పిన యూ బోల్టులు, బాగున్నవైనా సరే, మళ్లీ వాడం. అవి ఒకసారి సాగినవి. రాడ్ మందం, లోపలి వెడల్పు, కాలు పొడవు మూడూ కొలిచి గాజువాక ఆటోనగర్ నుంచి కొత్తవి తెప్పిస్తున్నాం.

6వ రోజు: కమాన్ కన్ను బోల్టు

నట్టు సులువుగా వచ్చింది, బోల్టు రాలేదు. దీన్ని చూసి చాలామంది మోసపోతారు. కన్నులో, అంటే కట్ట చివర చుట్ట తిరిగిన రంధ్రంలో, ఉన్నది ఇనుప స్లీవ్‌తో ఉన్న రబ్బరు బుష్షు. బోల్టు కాడ ఆ స్లీవ్‌కు లోపల నిలువునా తుప్పుతో అతుక్కుపోయింది. ద్రవం రెండు చివర్ల నుంచి కొద్దిగా దూరుతుందంతే, మధ్యకు చేరదు. సుత్తితో కొడితే స్లీవ్, బోల్టు కలిసి రబ్బరు మీద ఊగుతాయి, దెబ్బ అంతా రబ్బరు మింగేస్తుంది.

పరీక్ష: తలను పానాతో తిప్పి వదిలితే అది వెనక్కి వస్తోందా? వస్తే స్లీవ్‌తో కలిసి తిరుగుతోందన్నమాట. అలాంటప్పుడు వేడి పెడితే రబ్బరు కాలి దట్టమైన విషపు పొగ వస్తుంది, బోల్టు మాత్రం రాదు. కోయడమే దారి. బ్రాకెట్‌కూ బుష్షుకూ మధ్య సందులో హ్యాక్సా బ్లేడు పెట్టి రెండు పక్కలా కోశాం. సన్న పళ్లది, అంగుళానికి 24 పళ్లు ఉన్న బ్లేడు, చమురు వేస్తూ. ఒక్కో కోతకు అరగంట, రెండు బ్లేడ్లు అయ్యాయి. గ్రైండరు దూర్చితే ఐదు నిమిషాల పనే, కానీ బ్రాకెట్ చెవి కోసుకుపోతే అది బాడీలో భాగం, బోల్టుతో పోయే ఖర్చు కాదు.

వెనక షాకిళ్ల రబ్బరు బుష్షులు రెండు ముక్కలవి, ఇనుప స్లీవ్ లేదు. నట్లు తీశాక పక్క పలకను చిన్న ఉలితో కొద్దికొద్దిగా ఎడం చేస్తే వచ్చేశాయి.

8వ రోజు: బ్రేకులు

డ్రమ్మును పట్టే కౌంటర్‌సంక్ (తల లోపలికి దిగి ఉండే) స్క్రూలు. మామూలు స్క్రూడ్రైవర్‌తో ప్రయత్నించడమే తప్పు, గాడి చెడిపోతుంది. ముందు గాడిలోని తుప్పును పిన్నుతో గీకి, చేతితో వాడే ఇంపాక్ట్ డ్రైవరు పెట్టి 1 కిలో సుత్తితో కొట్టాలి. దెబ్బతోపాటే బిట్టు గాడిలోకి ఒత్తుకుంటూ తిరుగుతుంది కాబట్టి జారదు. నాలుగు డ్రమ్ములూ దీంతోనే వచ్చాయి.

బ్రేకు గొట్టాల్లోని గాలిని వదిలే బ్లీడ్ నిప్పుల్ సంగతి వేరు. అది బోలుగా ఉంటుంది, అందుకే బలం తక్కువ. దాని రంధ్రంలో పట్టేంత డ్రిల్ బిట్టు కాడను వదులుగా దూర్చి, అప్పుడు ఆరు మూలల సాకెట్‌తో తిప్పితే లోపలికి నలిగి తెగే అవకాశం తగ్గుతుంది. రెండు రాలేదు. వీల్ సిలిండర్ బండిమీద ఉండగా వేడి పెట్టలేదు. లోపల బ్రేకు ఆయిల్, రబ్బరు కప్పులు ఉంటాయి, మూసుకున్న గదిలో ఆయిల్ మరిగితే చిమ్ముతుంది. సిలిండర్ దించి, పిస్టన్లు, కప్పులు తీసి, ఒట్టి ఇనుప ముద్దగా వైజ్‌లో పెట్టి గ్యాస్ టార్చ్‌తో కాల్చాం. రెండుసార్లు కాల్చి చల్లార్చాక వచ్చాయి.

స్టీలు గొట్టాల నట్లు గొట్టానికే అతుక్కుని, తిప్పితే గొట్టమూ మెలిపడుతోంది. గొట్టాలు ఎలాగూ మారుస్తున్నాం. నట్టును ఆనించి గొట్టం కోసేస్తే ఆరు మూలల సాకెట్ నేరుగా ఎక్కుతుంది. అదే గొట్టం ఉంచాలనుకుంటే ఫ్లేర్ నట్ పానా (గొట్టం మీదుగా దూరేలా ఒక పక్క తెరిచిన రింగు పానా) తప్ప వేరేది పెట్టకూడదు.

బ్రేకు శుభ్రం చేసే స్ప్రేల గురించి ఒక మాట. క్లోరిన్ ఉన్న రకమైతే దాని ఆవిరి మంటకు తగిలినప్పుడు ఫాస్జీన్ అనే ప్రాణాంతక వాయువు పుడుతుంది. స్ప్రే వాడిన చోట అది పూర్తిగా ఆరి, గాలి మారేవరకు వెల్డింగ్ లేదు, టార్చ్ లేదు. డబ్బా మీద ఏం రాసి ఉందో చదవండి.

10, 11వ రోజులు: మేనిఫోల్డ్

ఎర్ర సుద్ద పని. ఈ ఇంజిన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన ఉంటాయి. మధ్య స్టడ్ల మీద ఉన్న మందపాటి వాషర్లు రెండింటినీ కలిపి నొక్కుతాయి. అసలు ఇక్కడ వాడాల్సినవి పొడవాటి ఇత్తడి నట్లు. ఇత్తడి తుప్పు పట్టదు, వేడికి స్టీలు స్టడ్డుకు అతుక్కోదు. ఈ బండిలో చివరి రెండింటికి ఎప్పుడో మామూలు స్టీలు నట్లు వేశారు. ఇత్తడివన్నీ సాకెట్ వేయగానే వచ్చేశాయి. స్టీలువి రెండూ మొరాయించాయి.

బలం లెక్క ఇక్కడ అవసరం. 15 సెం.మీ. పానా చివర 20 కిలోల బలం పెడితే సుమారు 30 న్యూటన్ మీటర్లు. ఈ నట్టును బిగించాల్సిందే 20 న్యూటన్ మీటర్లకు. అదే పానాకు పైపు తొడిగి 45 సెం.మీ. చేస్తే అదే చేయి 90 పెడుతుంది, 5/16 స్టడ్డు అంత తట్టుకోదు. అందుకే 5/16, అంతకన్నా చిన్నవాటికి పైపు వేయకూడదు. చిన్న పానాతో రాకపోతే జవాబు వేడి, పొడవు కాదు.

వేడి పెట్టేది నట్టుకు, స్టడ్డుకు కాదు. ఉక్కు ప్రతి డిగ్రీకీ మీటరుకు 12 మైక్రాన్లు పెరుగుతుంది. 8 మి.మీ. రంధ్రం ఉన్న నట్టును 300 డిగ్రీలు పెంచితే రంధ్రం సుమారు 0.03 మి.మీ. పెద్దదవుతుంది. వినడానికి ఏమీ కాదు, కానీ తుప్పు కట్టు తెగడానికి చాలు. అసలు లాభం మాత్రం ఆ సాగుడులో కన్నా, నట్టు వేడెక్కి స్టడ్డు ఇంకా చల్లగా ఉన్న ఆ కొద్ది క్షణాల తేడాలో ఉంది. కాబట్టి చిన్న మంటతో పది నిమిషాలు కాల్చడం కన్నా, సన్నటి గట్టి మంటతో నలభై యాభై సెకన్లు కాల్చడం మేలు. మెల్లగా కాలిస్తే స్టడ్డూ, హెడ్డూ అన్నీ కలిసి వేడెక్కుతాయి, తేడా మిగలదు. ఆక్సీ-ఎసిటిలిన్ సెట్ అందుబాటులో ఉంటే సన్న నాజిల్ వాడాలి. ముందుగా కార్బురేటర్, పెట్రోల్ గొట్టం దించి, గొట్టం మూతి బిరడాతో మూశాం. పక్కన ఇసుక బకెట్, మంటలార్పే సిలిండర్.

మంట తీసి, ఎరుపు పోయాక, కొవ్వొత్తిని నట్టు మొదట్లో ఆనించాం. వేడికి కరిగిన మైనం మరలోకి లాక్కుపోతుంది. మైనం భగ్గుమంటే నట్టు ఇంకా చాలా వేడిగా ఉన్నట్టు, కరగకపోతే ఆలస్యమైనట్టు. కరిగి కొద్దిగా పొగ వస్తూ లోపలికి పోతుంటే అదీ సమయం. ఒక నట్టు రెండో కాల్పుకే కదిలింది. మూడో కాల్పు తర్వాత రెండో నట్టు కదిలినట్టే కదిలి, మెత్తబడింది. ఆపేలోపే స్టడ్డు హెడ్డుకు 4 మి.మీ. బయట తెగింది.

12వ రోజు: తెగిన స్టడ్డు

4 మి.మీ. బయట ఉండడం అదృష్టం. వైజ్ గ్రిప్ పెట్టి తిప్పాలనిపిస్తుంది, పెట్టకండి. అది జారుతూ మిగిలిన ఆ కాస్త పొడవును కూడా గుండ్రంగా చేస్తుంది. స్టడ్డు ఇంకా పొడవుగా ఉంటే రెండు నట్లు ఎక్కించి, ఒకదానికి ఎదురుగా మరొకటి బిగించి, లోపలి నట్టును విప్పే వైపు తిప్పడం మంచి పద్ధతి. 4 మి.మీ.కు రెండు నట్లు పట్టవు.

కాబట్టి నట్టు వెల్డింగ్. 5/16 స్టడ్డు మీద 3/8 నల్ల నట్టు తొడిగాం. జింకు పూత ఉన్న నట్టు వద్దు, దాని పొగ పీలిస్తే జ్వరం వస్తుంది, వెల్డూ సరిగా పట్టదు. బ్యాటరీ కేబుళ్లు రెండూ తీసి, ఎర్త్ క్లాంపును హెడ్డుమీద పెయింటు గీకిన చోట, వీలైనంత దగ్గరలో పెట్టాం. 2.5 మి.మీ. 6013 వెల్డింగ్ రాడ్, 80 ఆంపియర్లు. నట్టు రంధ్రంలోపల, స్టడ్డు చివర మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి చుట్టుకుంటూ నింపాలి. పైపైన నట్టు అంచుకు అతికిస్తే తిప్పగానే ఊడిపోతుంది. ఆర్క్ వేడి స్టడ్డు లోపలిదాకా దిగుతుంది. చాలాసార్లు స్టడ్డును వదిలించేది వెల్డు బలం కన్నా ఆ వేడే.

ఎరుపు తగ్గేదాకా ఆగి, మైనం ఆనించి, ముందు బిగించే వైపు కొద్దిగా, తర్వాత విప్పే వైపు. మొదటి నట్టు ఊడిపోయింది. వెల్డు గీకి శుభ్రం చేసి రెండోది పెట్టాం, అదీ పోయింది. నిరాశపడనక్కర్లేదు, ప్రతి వెల్డూ ఒక కాల్పే. మూడో నట్టుతో కిర్రుమంది. ముందుకూ వెనక్కూ ఊపుతూ పది నిమిషాలకు స్టడ్డు మొత్తం బయటికి వచ్చింది. హెడ్డులో మర చెక్కుచెదరలేదు.

అది హెడ్డు లోపలే తెగి ఉంటే ఏం చేసేవాళ్లమో కూడా రాస్తాను, ఎందుకంటే చాలామంది బండ్లలో జరిగేది అదే. తెగిన ముఖాన్ని చదునుగా గ్రైండ్ చేసి, సరిగ్గా మధ్యలో సెంటర్ పంచ్ కొట్టాలి. ఈ ఒక్క గుర్తు తప్పితే మిగతా అంతా తప్పుతుంది. తొందరపడకుండా వెర్నియర్‌తో నాలుగు వైపుల నుంచి కొలవండి. ఎడమ చేతి డ్రిల్ బిట్టు దొరికితే దాంతోనే మొదలుపెట్టాలి, తొలిచేటప్పుడు పుట్టే వేడికి, విప్పే వైపు తిరిగే లాగుడుకు స్టడ్డు తనంతట తాను వచ్చేయొచ్చు. 3 మి.మీ.తో మొదలుపెట్టి 4.5, తర్వాత 6. వేగం తక్కువ, కటింగ్ ఆయిల్ ఎక్కువ, డ్రిల్లు నిట్టనిలువుగా ఉందో లేదో ఇంకొకరు పక్కనుంచి చూడాలి. లోతు ఎంతో పక్క స్టడ్డు పొడవును బట్టి ముందే బిట్టు మీద టేపు చుట్టి గుర్తు పెట్టుకోవాలి. పోత హెడ్డులో వెనక నీటి దారి ఉండొచ్చు. మిగిలిన పలచటి గోడను సన్న ఉలితో లోపలికి మడిచి లాగేశాక, ట్యాప్‌తో మర శుభ్రం చేయాలి. స్టడ్లకు హెడ్డు వైపు ముతక మర, నట్టు వైపు సన్న మర ఉండడం మామూలే. 5/16 ముతక మరకు 6.6 మి.మీ. రంధ్రం, సన్న మరకు 6.9. పిచ్ గేజ్ పెట్టకుండా ట్యాప్ ముట్టుకోవద్దు.

తొలిచిన రంధ్రంలో దింపి తెగిన స్టడ్డును తిప్పే ఈజీ అవుట్ అనే ఎక్స్‌ట్రాక్టర్ గురించి మా అభిప్రాయం గట్టిది. 8 మి.మీ. కన్నా సన్నటి తుప్పు స్టడ్డులో అది పెట్టకూడదు. 5/16 తల తెగేంత బలానికి రానిది, దానిలో పట్టే ఇంకా సన్నటి ఎక్స్‌ట్రాక్టర్‌కు ఎలా వస్తుంది? పైగా అది లోపలికి ఒత్తుకుంటూ స్టడ్డును ఉబ్బించి ఇంకా బిగిస్తుంది. అది లోపల విరిగితే మామూలు డ్రిల్ బిట్టుకు తెగని గట్టి ఉక్కు. అప్పుడు హెడ్డు దించి విద్యుత్ రవ్వలతో లోహాన్ని తొలిచే స్పార్క్ ఎరోజన్ మిషన్ ఉన్న డై షాపుకు మోసుకెళ్లాలి.

14వ రోజు: థర్మోస్టాట్ మూత

అల్యూమినియం మూత, స్టీలు స్టడ్లు, మధ్యలో ఏళ్ల తరబడి కూలెంట్ లేని ఒట్టి నీళ్లు. రెండు లోహాలు తడిలో కలిస్తే అల్యూమినియం తినేసుకుపోతుంది. నట్లు మామూలుగానే వచ్చాయి, మూత మాత్రం స్టడ్ల మీద కదల్లేదు. సందులో కనిపించే తెల్లపొడి అల్యూమినియం ఆక్సైడ్, అది తుప్పుకన్నా మొండిది, చమురుకు కరగదు. ఇక్కడ మనకున్న అనుకూలం ఒక్కటే: అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెండు రెట్లు వ్యాకోచిస్తుంది. టార్చ్ అక్కర్లేదు. మరిగే నీళ్లు పోస్తూ, స్టడ్ల చుట్టూ కొయ్య సుత్తితో కొడుతూ, మూతను కొద్దికొద్దిగా అటూ ఇటూ మెలితిప్పాం. కింద స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే హెడ్డు ముఖం మీద గీత పడుతుంది, అక్కడినుంచే తర్వాత నీళ్లు కారతాయి.

రెండు గంటలకు రాలేదు. కొత్త మూత బజారులో దొరుకుతుంది, హెడ్డులో స్టడ్లు దిగిన మరలు దొరకవు. మూతను స్టడ్ల మధ్యగా హ్యాక్సాతో మూడు ముక్కలు కోసి, ఒక్కో ముక్కనూ విడిగా తిప్పి తీశాం.

16వ రోజు: మడ్‌గార్డులు

ఎక్కువభాగం 1/4, 5/16 బోల్టులు. సమస్య రేకు లోపల చిన్న గూళ్లలో ఉండే కేజ్ నట్లది. కేజ్ తుప్పుకు విడిపోయి, బోల్టుతోపాటు నట్టూ తిరుగుతోంది. తలకు, రేకుకు మధ్య సన్న ఉలి దూర్చి, బోల్టును బయటికి లాగుతున్నట్టు ఒత్తిడి ఉంచి తిప్పితే కొన్ని వచ్చాయి. రానివాటి తలను కోసేశాం. దాచుకోవాల్సిందేమీ లేని చోట ఎక్కువ సేపు పోరాడడం అనవసరం.

19వ రోజు: తిరిగి బిగించడం

పాత బోల్టుల్లో అరుదైన కొలతలవి కొన్ని మళ్లీ వాడదామని నిమ్మ ఉప్పు నీళ్లలో, లీటరుకు 50 గ్రాములు, రాత్రంతా వేశాం. పొద్దున బ్రష్షు కొట్టి, సోడా నీళ్లలో కడిగి, ఆరబెట్టి వెంటనే చమురు రాశాం. తలమీద ఆరు గీతలున్న గ్రేడ్ 8 బోల్టులను ఇలా ఆమ్లంలో వేయకూడదు. హైడ్రోజన్ చేరి పెళుసుబారుతాయి. వాటికి వైరు బ్రష్షే.

కొత్తవి మూడు గీతల గ్రేడ్ 5. జీపులకూ పాత ట్రాక్టర్లకూ ఇదే మర కాబట్టి ఆటోనగర్లలో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగితే దొరుకుతాయి. తుప్పు పట్టదని కమాన్ కట్టలకు స్టెయిన్‌లెస్ బోల్టులు వేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. వద్దు. మామూలు ఏ2-70 రకం స్టెయిన్‌లెస్ 8.8 గ్రేడ్ ఉక్కు బోల్టు కన్నా బలహీనం, స్టెయిన్‌లెస్ నట్టుతో బిగిస్తే మర మరతో కరుచుకుపోతుంది. బంపర్లకు, ట్రిమ్ములకు వాడుకోవచ్చు.

మేనిఫోల్డ్ స్టడ్లకు రాగి యాంటీ సీజ్ (మర పట్టేయకుండా రాసే పేస్టు), కొత్త ఇత్తడి నట్లు, మధ్యనుంచి చివరలకు రెండు విడతల్లో 15 న్యూటన్ మీటర్లు. పొడి మరకు ఇచ్చిన టార్క్ అంకె పట్టుకుని యాంటీ సీజ్ రాసిన మరకు అంతే బిగిస్తే అది ఎక్కువ లాగుతుంది, ఆ అంకెలోంచి పావువంతు దాకా తీసేయాలి, అందుకే 20 బదులు 15. చక్రాల నట్లకు మాత్రం ఏదీ రాయలేదు. కన్ను బోల్టుల కాడకు, స్లీవ్ లోపలికి గ్రీజు పట్టించాం, వచ్చేసారి హ్యాక్సా అక్కర్లేకుండా. ఆ బోల్టులు, షాకిళ్లు చివరగా బిగించింది చక్రాలు నేలమీద ఆనాక, బండి బరువు పడ్డాకే. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి త్వరగా చిరుగుతుంది. యూ బోల్టులు ఎదురెదురు మూలలుగా, సమంగా బిగించాం. 500 కి.మీ. తర్వాత మళ్లీ పానా పెట్టాలని డాష్ మీద కాగితం అంటించి ఉంది.

మిగిలింది టార్షన్ బార్లు. వాటి వెనక చివర బోల్టులకు ఇవాళే మొదటి చుక్కలు పడ్డాయి. బార్ మీద ఎక్కడా మంట తగలకూడదు, ఉలి గీత కూడా పడకూడదు. గీత పడ్డ చోటే బార్ విరుగుతుంది. బాడీ ఎత్తు రెండు పక్కలా కొలిచి, స్ప్లైన్ల (బార్ చివర పళ్ల) మీద పెయింటుతో గుర్తు పెట్టాం. బార్‌లో మెలి పూర్తిగా దిగేవరకు ఆ బోల్టులకు పానా పెట్టేది లేదు. అప్పటిదాకా పొద్దున నాలుగు చుక్కలు, సాయంత్రం నాలుగు చుక్కలు.